ఫోను ఎత్తుతారు, ఫైలు కదలదు: మా వార్డు కార్పొరేటరు ఏడాది పనికి నా రివ్యూ

ఐదుకి మూడున్నర స్టార్లు.

ముందే వేసేశాను. కింద దాకా చదవకుండానే "మేడం మీద ఏదో రాసిందట" అని ఊరంతా చెప్పేవాళ్ళు మా సందులోనే ఉన్నారు మరి. తిట్టడానికి రాయడం లేదు, పొగడడానికీ కాదు. బిర్యానీలో ముక్క తక్కువైందని రివ్యూ రాస్తాం, కొరియర్ కుర్రాడు ఆలస్యం చేశాడని రాస్తాం. ఆర్నెల్లకోసారి ఇంటి పన్ను కట్టి, ఓటేసి తెచ్చుకున్న కార్పొరేటరు ఎలా పనిచేస్తున్నారో మాత్రం టీ బడ్డీ దగ్గర గొణుక్కుని ఇంటికెళ్ళిపోతాం. ఎందుకో మరి.

నాది విశాఖలో బీచ్ రోడ్డు నుంచి కొండ వైపు ఎక్కే ఒక సందు మొగలో జిరాక్స్ షాపు. సందుకి ఒక పక్క జాలారుల పేట, అంటే చేపలు పట్టేవాళ్ళ పేట, ఇంకో పక్క ఫ్లాట్లు. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లతో పాటు అర్జీలు టైపు చేసి పెడతాను. పింఛను రాలేదన్నా, కుళాయి రాలేదన్నా, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదన్నా కాగితం నా దగ్గరే పుడుతుంది. ఆ కాగితం ఎక్కడికెళ్ళింది, ఎన్నాళ్ళకి తిరిగొచ్చింది, అసలు తిరిగొచ్చిందా లేదా అన్నది వాళ్ళే వచ్చి చెప్తారు. కాబట్టి ఈ రివ్యూ రాసే అర్హత నాకు కాస్త ఉందనే అనుకుంటున్నాను. మేడం పేరు, వార్డు నంబరు, పార్టీ రాయను. మా వాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది, మిగతా వాళ్ళకి అవసరం లేదు.

కొత్తగా ఈ ఊరొచ్చిన వాళ్ళ కోసం కొంచెం వెనక కథ. జీవీఎంసీ, అంటే మా విశాఖ నగరపాలక సంస్థలో 98 వార్డులు. ఈ కౌన్సిల్‌కి 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది, 14న ఫలితాలొచ్చాయి. అంతకుముందు 2007లో గెలిచిన వాళ్ళ గడువు 2012లో అయిపోయింది. మధ్యలో తొమ్మిదేళ్ళు ఎన్నికలే లేవు, అంతా ప్రత్యేకాధికారుల పాలన. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరిని ఊడ్చేసినప్పుడు మాకు మేయరూ లేరు, కార్పొరేటరూ లేరు. పేటలో రేకులన్నీ లేచిపోయి, కరెంటు లేక, నీళ్ళు లేక ఉన్న ఆ రోజుల్లో "ఎవరికి చెప్పుకోవాలి" అంటే జవాబు లేదు. ఎమ్మెల్యే దాకా, కలెక్టర్ దాకా వెళ్ళే ఓపిక అందరికీ ఉండదు కదా. వార్డుకొక మనిషి ఉంటే ఏమిటి లాభం అని అడిగే ఫ్లాట్ల వాళ్ళకి నేను చెప్పేది ఇదే.

సరే, 2025 సంగతికి వద్దాం.

ముందు ఫోను. మేడం ఫోను మేడమే ఎత్తుతారు. ఇది చిన్న విషయం కాదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే, కానీ చాలా చోట్ల బోర్డు మీద భార్య పేరు, ఫోనులో భర్త గొంతు. మొదట్లో మా వార్డులోనూ అంతే. "సార్‌తో మాట్లాడండి" అనేవారు. సార్ మంచివారే, పని చేసిపెట్టేవారే. కానీ మేం ఓటేసింది సార్‌కి కాదు. గత ఏడాది రెండేళ్ళుగా అది మారింది. పేటలో ఆడవాళ్ళు నేరుగా ఆమెకే చేస్తున్నారు, ఆమే మాట్లాడుతున్నారు. చెత్త బండి రాలేదంటే మధ్యాహ్నానికల్లా శానిటరీ మేస్త్రి సందులో కనిపిస్తాడు. కుళాయిలో ఎర్రనీళ్ళు వస్తే లైన్‌మన్ వస్తాడు. పొద్దున్న ఎనిమిది లోపు చేస్తే తప్పకుండా ఎత్తుతారు, పదకొండు దాటాక అదృష్టం.

ఒక్క ఏప్రిల్‌లో మాత్రం ఫోను పలకలేదు. మేయరు మీద అవిశ్వాసం పెట్టిన రోజులవి. ఏప్రిల్ 19న ఓటింగ్. అంతకుముందు కార్పొరేటర్లంతా క్యాంపులకి వెళ్ళారని పేపర్లలో రోజూ వచ్చింది కదా. మా మేడం ఏ క్యాంపులో ఉన్నారో, ఎటు ఓటేశారో నేనడగలేదు, అది ఆమె రాజకీయం. కానీ వెళ్ళే ముందు "ఫలానా వార్డు సచివాలయం సెక్రటరీకి చెప్పండి" అని ఒక్క మెసేజ్ పెట్టి వెళ్ళాల్సింది. ఎందుకంటే సరిగ్గా ఆ వారంలోనే మా పేటకి ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పని వచ్చిపడింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు మరబోట్లు, ఇంజను పడవలు ఒడ్డునే ఉండాలి. తెడ్డు వేసుకుని వెళ్ళే పడవలకి నిషేధం లేదు కానీ, ఇప్పుడు తెడ్డు వేసేదెవరు? ఆ రెండు నెలలకి ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలయింది. ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి మొదలుపెట్టారు. పేటలో పండగే. కానీ డబ్బు పెరిగితే జాబితా మీద కళ్ళూ పెరుగుతాయి. సచివాలయం గోడకి జాబితా అంటించగానే నా షాపు ముందు జనం.

అందులో ఒకామె, బుట్టలో కానాగంత చేపలు అమ్ముకునే మనిషి, ఫోనులో ఫొటో తీసిన జాబితా చూపించి, "అప్పా, మా ఆయన పేరు లేదట. కరెంటు ఎక్కువ కాల్చేశామట. ఫ్యానూ లైటూ తప్ప మా ఇంట్లో ఏటుందే?" అంది. నెలకి 300 యూనిట్లు దాటితే పథకాలు ఆగిపోతాయన్న లెక్క ఒకటి ఉంది. ఆమె ఇంటికెళ్ళి చూస్తే సంగతి తేలికే. మావగారి పేరు మీద ఒకటే మీటరు. దాని మీద ముగ్గురు కొడుకుల మూడు వాటాలు, కింద ఐసు పెట్టుకునే పెట్టెకి ఒక ప్లగ్గు. మూడు రేషన్ కార్డులు, మూడు పొయ్యిలు, ఒక్క బిల్లు. కంప్యూటరుకి అది ఒకే ఇల్లు.

భృతి జాబితా మత్స్యశాఖది. కార్పొరేటరుకి అందులో ఏ అధికారమూ లేదు, "నా చేతిలో లేదమ్మా" అనేస్తే తప్పు పట్టలేం. మేడం అలా అనలేదు. ఊరు తిరిగొచ్చిన మర్నాడే నా షాపులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అలా ఒకే మీటరు మీద ఉన్న కుటుంబాలన్నిటినీ పిలిపించి, ఒక్కో ఇంటికి రేషన్ కార్డులు, బోటు లైసెన్సు, కరెంటు బిల్లు జిరాక్సులు జత చేయించి, తన లెటర్‌హెడ్ మీద "ఈ మీటరు కింద ఇన్ని వేర్వేరు కుటుంబాలు నివసిస్తున్నాయని ధ్రువీకరిస్తున్నాను" అని నాచేతే టైపు చేయించారు. ప్రతి కాగితం మీద సంతకం, సీలు. కట్ట తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి, నకలు మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకుని మరీ వచ్చారు. రెండో జాబితాలో ఆ పేర్లు చాలా వరకు ఎక్కాయి. చేపలమ్మే ఆమె భర్త పేరూ ఎక్కింది. (ఆమె నాకు రెండు కానాగంతలు తెచ్చిచ్చింది. నేను డబ్బులిస్తే తీసుకోలేదు. ఇది లంచం కింద వస్తుందా అని మా వారు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు.)

ఆ స్టాంపు వేసిన నకలును గుర్తుపెట్టుకోండి. నా గొడవంతా దాని గురించే.

ఇంకో పనిలో మేడంకి ఐదుకి ఐదు. ఆధార్ అడ్రసు కాగితం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లుగా, ఇళ్ళల్లో పనికి కుదిరిన వాళ్ళు మా దగ్గర చాలామంది. అద్దె కాగితం ఉండదు, కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది. ఆధార్‌లో అడ్రసు మారకపోతే పిల్లని బడిలో వేయడం నుంచి గ్యాసు దాకా అన్నీ ఇబ్బందే. ఆధార్ వాళ్ళ దగ్గర ఇందుకు ఒక ఫారం ఉంది. ఎంపీ, ఎమ్మెల్యే, గెజిటెడ్ అధికారితో పాటు మున్సిపల్ కౌన్సిలరు కూడా సంతకం పెట్టొచ్చు. మూడు నెలలే చెల్లుతుంది. ఫొటో అంటించి, సంతకం సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. అక్కడ గీత తప్పినా, సీలు అక్షరాలు అలుక్కుపోయినా ఆధార్ సెంటర్లో తిప్పి పంపేస్తారు. మేడం ఇంటి వరండాలో పొద్దున్నే దీనికోసం ఒక చిన్న బల్ల వేసి ఉంటుంది. "ఎవరింట్లో ఉంటున్నావు, ఓనరు పేరేంటి" అని నిజంగానే అడుగుతారు, ఒక్కోసారి ఓనరుకి ఫోను చేసి కనుక్కుంటారు, అప్పుడు పెడతారు. రూపాయి తీసుకోరు. మా పక్క వార్డుల వాళ్ళు కూడా వచ్చి అడిగితే, మీ కార్పొరేటరు దగ్గరికి వెళ్ళండని మర్యాదగా పంపేస్తారు. అది కరెక్టే.

సముద్రం కోత గురించి కూడా ఆమెనే అడుగుతారు జనం. ఔటర్ హార్బర్ కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక అడ్డుగోడల దగ్గరే ఆగిపోతోంది. అందుకని ఏటా పోర్టు వాళ్ళు అక్కడ తవ్విన ఇసుకని తెచ్చి ఆర్కే బీచ్ వైపు పోస్తారు. అందులో వార్డు కార్పొరేటరు చేసేదేముంది? "అది నా వల్ల కాదు, ఎంపీ గారిని అడగండి" అని మొహం మీదే చెప్పేస్తారు. నాకది నచ్చింది.

జూన్ 21న యోగా డే. ప్రధాని వచ్చారు, ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోడ్డు పొడవునా చాపలేశారు. దానికి ముందు బీచ్ రోడ్డు ఎంత శుభ్రమైందో చెప్పక్కర్లేదు. మా సందుకి కూడా తారు వేశారు, మెయిన్ రోడ్డు మీద నుంచి చూస్తే కనిపించినంత మేర. ఆ తర్వాత పాత గతుకులే. మిగతాది ఎప్పుడు వేస్తారని అడిగితే మేడం నవ్వేశారు. నేనూ నవ్వేశాను. అంతకంటే ఏం చేస్తాం.

ఇక గెడ్డ.

కొండ మీద నుంచి వాన నీళ్ళు తెచ్చి, మా పేట పక్కగా, బీచ్ రోడ్డు కల్వర్టు కింద నుంచి ఇసుకలోకి వదిలే గెడ్డ ఒకటుంది మాకు. వాన నీళ్ళు అని పేరుకే. ఏడాది పొడుగునా పారేది ఇళ్ళ మురుగు. ఏటా వానలకి ముందు పూడిక తీస్తారు. మేడం ఫోను చేశారు, పొక్లెయినరు వచ్చింది, తీశారు. ఎక్కడ పోశారంటే గెడ్డ గట్టు మీదే. ఆ కుప్పని దగ్గరగా వెళ్ళి చూశాను: కొబ్బరి బొండాలు, చేపల పెట్టెల థర్మాకోల్ ముక్కలు, తెగిన నైలాన్ వలలు, పాల ప్యాకెట్లు, ఒక పిల్లాడి స్కూలు బ్యాగు. అన్నిటికీ నల్లటి బురద పట్టి, ఎండకి పైన పెచ్చు కట్టి, కింద మాత్రం పచ్చిగా కంపు కొడుతోంది. కాంట్రాక్టరు మనిషి కుప్ప ముందు నిలబడి ఫోనులో ఫొటో తీసుకున్నాడు. పని అయినట్టు రుజువు అన్నమాట. బండి మాత్రం వచ్చి ఎత్తుకెళ్ళలేదు. జూలైలో ఒక్క రాత్రి గట్టి వాన కురిసింది. తెల్లారేసరికి కుప్పలో సగం మళ్ళీ గెడ్డలోనే ఉంది, మిగతాది కల్వర్టుకి అడ్డం పడి నీళ్ళు పేటలో గడపలెక్కాయి. నెత్తళ్ళు ఎండబెట్టుకున్న వాళ్ళ టార్పాలిన్ పట్టాలు కొట్టుకుపోయాయి.

మళ్ళీ మేడంకి ఫోను, మళ్ళీ పొక్లెయినరు. ఆమె స్వయంగా వచ్చి, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళ పక్కన నిలబడి తీయించారు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, కింద వరసగా దణ్ణాల బొమ్మలు. నేనూ పెట్టాను ఒకటి. కష్టపడ్డారు, కాదనను.

కానీ ఆ గెడ్డకి కావలసింది ఫోను కాదు. కల్వర్టు ముందు ఇనుప జాలీ కావాలి, గట్టు ఎత్తు పెంచాలి, పై నుంచి వచ్చే ఇళ్ళ మురుగు గొట్టాలను భూగర్భ డ్రైనేజీకి కలపాలి. అంటే ఇంజనీర్లు కొలిచి ఎస్టిమేట్ వేయాలి. దాన్ని మంజూరుకి పెట్టాలి. పెద్ద పనైతే పది మంది సభ్యుల స్థాయీ సంఘానికో, కౌన్సిల్‌కో అజెండాలో ఎక్కాలి. ఆ తర్వాత టెండరు. ఇందులో ప్రతి మెట్టుకీ ఒక కాగితం ఉంటుంది, మొదటి మెట్టు మీద కార్పొరేటరు లెటర్ ఉంటే ఆ కాగితానికి కాళ్ళొస్తాయి. పేట వాళ్ళంతా సంతకాలు పెట్టిన అర్జీ నేనే టైపు చేశాను. కులపెద్దలు తీసుకెళ్ళి మేడం చేతికిచ్చారు. "ఏఈ గారితో మాట్లాడాను, అయిపోతుంది" అన్నారామె. ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీరు.

దసరా ముందు నేను సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాను. ఫలానా గెడ్డకి గట్టు గోడ, జాలీ పనికి ఎస్టిమేట్ తయారైందా, అయితే నకలివ్వండి అని. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల గడువు. గడువు చివర్లో జవాబొచ్చింది, రెండు వాక్యాలు. ఆ పేరుతో ఎస్టిమేట్ ఏదీ తయారు కాలేదు. ఆ విషయమై కార్పొరేటరు నుంచి లేఖ ఏదీ ఈ సెక్షనుకి అందలేదు.

ఆ కాగితం తీసుకెళ్ళి చూపించాను. మేడంకి కోపమొచ్చింది, నా మీద. "నేను మాట్లాడాను కదా అక్కా, నా మాట నమ్మక ఆర్టీఐ వేస్తావా?" అన్నారు. "మాట్లాడారని నాకూ తెలుసు మేడం. మీరు మాట్లాడిన ఏఈ గారు ఆగస్టులో బదిలీ అయిపోయారు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. టీ తెప్పించారు.

ఇదే నేను చెప్పదలచుకున్నది. మేడం నోటి మాటతో అయ్యే పనులన్నీ చేస్తారు, చకచకా చేస్తారు. మాటతో కానివి ఉన్నాయి, వాటికి కాగితం పెట్టరు. భృతి జాబితాకి పెట్టారు, అయింది. గెడ్డకి పెట్టలేదు, కాలేదు. మనిషి మారితే మాట పోతుంది, స్టాంపు పడిన కాగితం కొత్త మనిషి బల్ల మీద కూడా ఉంటుంది.

లైటు స్తంభం కథ కూడా ఇలాంటిదే, చిన్నది. సముద్రం ఒడ్డున ఏ ఇనుమూ నిలవదు. మా సందు చివర, ఇసుక మొదలయ్యే చోట ఉన్న స్తంభం మొదలు అప్పడంలా పొరలు పొరలుగా లేచిపోయింది. వేలితో నొక్కితే ఎర్రటి పొడి రాలేది. కింద నాలుగు బోల్టుల్లో రెండింటికి నట్లు లేవు. పేట కుర్రాళ్ళు పడవ తాడుతో దాన్ని పక్కనున్న కొబ్బరి చెట్టుకి కట్టి ఉంచారు. మేడంకి చెప్పాం. మర్నాడే నిచ్చెన వేసుకుని వచ్చి బల్బు మార్చి వెళ్ళారు! బాగా వెలిగింది కూడా. స్తంభం సంగతి మళ్ళీ చెప్పాం. అక్టోబర్ నెలాఖరులో మోంథా తుపాను హెచ్చరిక రాగానే వచ్చి స్తంభాన్నే కోసుకుని తీసుకెళ్ళిపోయారు. మంచిదే, ఎవరి మీదా పడలేదు. కొత్తది ఇంకా రాలేదు. ఆ నాలుగు బోల్టులు మాత్రం అక్కడే ఉన్నాయి, చీకట్లో కాలికి తగిలేలా.

మోంథా అన్నాను కాబట్టి అది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. అక్టోబర్ 28 రాత్రి అది తీరం దాటింది నర్సాపురం వైపు. అయినా మా దగ్గర గాలి, వాన తక్కువేం లేవు. ఆ ముందు రోజు నుంచే మేడం పేటలో ఉన్నారు. పడవల్ని పైకి లాగించడానికి కుర్రాళ్ళని పోగు చేశారు, ముసలివాళ్ళని ఒక్కొక్కరినీ బతిమాలి స్కూలుకి చేర్చారు. ఒక మామ్మ రానని మొండికేసింది, "నాను హుద్‌హుద్‌కే కదల్లేదు, దీనికి కదుల్తానా" అని. ఆమె మేకని కూడా తీసుకొస్తామంటే అప్పుడు లేచింది. మేకకి స్కూలు వరండాలో చోటిచ్చారు. రాత్రి స్కూల్లో వండిన ఉప్మా మేడమే గరిటె పట్టుకుని వడ్డించారు, ఫొటో తీసేవాళ్ళు లేనప్పుడు కూడా. 2014లో ఇలాంటి మనిషి ఒక్కరున్నా ఎంత బాగుండేదని మా వారన్నారు. ఆ రాత్రికి నా దగ్గర పది స్టార్లున్నా ఇచ్చేసేదాన్ని.

తక్కువ మార్కులు ఎక్కడంటే, తోపుడు బండ్ల దగ్గర. సెప్టెంబర్‌లో ఊరంతా రోడ్ల పక్క బడ్డీలు, బండ్లు తీసేశారు గుర్తుందా? బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు అమ్మే మా పేట ఆడవాళ్ళ బండ్లు కూడా పోయాయి. ఫుట్‌పాత్ మీద నడవడానికి చోటు ఉండాలని నేనూ అంటాను. కానీ 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, అందరికీ సర్టిఫికెట్లివ్వాలి, అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. కొంతమంది దగ్గర ఆ సర్టిఫికెట్ ఉంది కూడా, నేనే లామినేషన్ చేసిచ్చాను. ఆ కార్డు చూపించి వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి లోను తెచ్చుకుని బండి కొన్నవాళ్ళున్నారు. వాళ్ళు మేడం ఇంటికెళ్తే "పైనుంచి ఆర్డరమ్మా" అన్నారు. పైనుంచే అనుకుందాం. కౌన్సిల్ ఉన్నది పైనున్న వాళ్ళని అడగడానికే కదా. జీరో అవర్లో రెండు నిమిషాలు లేచి మాట్లాడితే చాలు, రికార్డులోకి ఎక్కుతుంది. లోకల్ కేబుల్లో కౌన్సిల్ సమావేశం వస్తే నేను షాపులో పెట్టుకుని చూస్తాను. సగం టైము పోడియం దగ్గర నినాదాలతో, వాకౌట్లతో పోతుంది, తెలుసు. అయినా ఏడాదిలో మేడం లేచింది ఒక్కసారే, ఎండుచేపలు ఆరబెట్టుకోవడానికి ప్లాట్‌ఫాం కావాలని. బాగా మాట్లాడారు, తడబడకుండా, ఎండుచేపల వాసన గురించి ఫిర్యాదు చేసే ఫ్లాట్ల వాళ్ళ ముందే. అది వచ్చిందా అంటే రాలేదు, కానీ మినిట్స్‌లో ఉంది. ఎవరొచ్చినా రేపు దాన్ని పట్టుకుని అడగొచ్చు. అలా మాట్లాడగలిగిన మనిషి బండ్ల గురించి ఎందుకు లేవలేదన్నదే నా బాధ.

వార్డు కమిటీల సంగతి ఒక్క మాట. మూడు లక్షల జనాభా దాటిన ఊళ్ళల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణలోనే ఉంది. మా వార్డులో అలాంటి మీటింగుకి నోటీసు ఒక్కటి కూడా నా జిరాక్స్ మిషను మీదకి రాలేదు. వస్తే ఫ్రీగా తీసిచ్చేదాన్ని.

ఫ్లాట్ల వాళ్ళు అడుగుతున్నారు కాబట్టి: పార్కులో వాకింగ్ ట్రాక్ వేయించారు, బాగుంది. వినాయక నిమజ్జనానికి, శివరాత్రి స్నానాలకి లైట్లు, టెంట్లు, తాగునీళ్ళు సక్రమంగానే పెట్టించారు. కుక్కల సమస్య అలాగే ఉంది. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంటుందని గ్రూపులో ముందే గుర్తు చేశారు, చాలామంది వాడుకున్నారు.

2026 మార్చితో కౌన్సిల్‌కి ఐదేళ్ళు. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడో, మా వార్డు ఏ రిజర్వేషన్‌లోకి వెళ్తుందో చూడాలి. మేడం మళ్ళీ నిలబడితే ఓటేస్తావా అని ఈ డ్రాఫ్టు చదివిన మా అమ్మాయి అడిగింది. గెడ్డ మీద లెటరు పెడితే వేస్తానన్నాను. ఎవరు నిలబడినా నేనడిగేది అదే.

ఈలోగా ఆమె దగ్గరికి పని మీద వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. చెత్త, కుళాయి, బల్బు లాంటివైతే పొద్దున్న ఎనిమిదిలోపు ఫోను చాలు. ఆధార్ ఫారమైతే ఫొటో అంటించుకుని, ఓనరు ఫోను నంబరు రాసుకుని వెళ్ళండి, ఆదివారం కూడా పెడతారు. రోడ్డు, కాలువ, గోడ, స్తంభం లాంటి పనైతే ఒట్టి మాటతో ఇంటికి రాకండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళండి, "మేడం, మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి, ఆఫీసులో మేమే ఇచ్చుకుంటాం" అనండి. కాదనరు, అడిగితే రాస్తారు, అడగాలి అంతే. ఇచ్చిన చోట రెండో కాపీ మీద తేదీతో సహా స్టాంపు వేయించుకోండి. "ఇన్‌వార్డు క్లర్కు లేరు, రేపు రండి" అంటే రేపు వెళ్ళండి. గెడ్డ గురించి పేట వాళ్ళు మొన్న సోమవారం అలాగే తెచ్చుకున్నారు. మేడమే సంతకం పెట్టారు, స్టాంపు పడింది, నకలు నా షాపులో ఫైల్లో ఉంది. ఎస్టిమేట్ వేశారో లేదో ఇంకో నెల చూసి మళ్ళీ పది రూపాయలు కడతాను. అప్పుడు ఈ స్టార్లు మారిస్తే ఇక్కడే మారుస్తాను.